రాత లేని కాలాన్ని చదవడం ఎలా? - బళ్ళారి బూడిద దిబ్బలు నేర్పే పాఠం

చరిత్ర పాఠ్యపుస్తకాలలో చరిత్రపూర్వ యుగానికి దక్కే చోటు చాల తక్కువ. పాత రాతియుగం, మధ్య రాతియుగం, కొత్త రాతియుగం అనే మూడు పేర్లు, చేతిగొడ్డలి బొమ్మ ఒకటి, మానవుడు నిప్పును వాడడం నేర్చుకున్నాడన్న వాక్యం ఒకటి - అంతటితో ఆ భాగం ముగిసి సింధు నాగరికత మొదలవుతుంది. పిల్లలు పేర్లను కంఠస్థం చేసి పరీక్షలో రాస్తారు. కాని చురుకైన విద్యార్థి తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: "వాళ్లు ఏమీ రాసిపెట్టలేదు కదా, మరి వాళ్ల సంగతి మనకెలా తెలిసింది?" పాఠంలో దీనికి జవాబు ఉండదు. నిజానికి చరిత్ర అనే శాస్త్రానికి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉన్నది.

రాష్ట్రేతర ప్రాంతాలలో తెలుగు చదువుకొనే మన పిల్లల నోట దాని వెంటనే రెండో ప్రశ్న కూడ వస్తుంది: "వాళ్లు తెలుగువాళ్లా, కన్నడిగులా, తమిళులా?" ఇది పిల్లల ప్రశ్న మాత్రమే కాదు, పెద్దలు సభలలోను, పత్రికలలోను వాదించుకొనే ప్రశ్న. దీనికి మనం ఇచ్చే జవాబును బట్టి పిల్లలు చరిత్రను శాస్త్రంగా నేర్చుకుంటారో, ఆస్తి తగాదాగా నేర్చుకుంటారో తేలుతుంది.

ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం వెదకడానికి దూరదేశపు గుహల దాకా పోనవసరం లేదు. బళ్ళారి చుట్టుపక్కల, రాయచూరు, యాదగిరి ప్రాంతాలలో, కృష్ణకు ఇవతల మన పాలమూరు సీమలో కనబడే బూడిద దిబ్బలే చాలును. సుమారు రెండు వందల ఏళ్లుగా పండితులు వాటిని పరిశీలిస్తున్నారు. ఆ పరిశీలన నడిచిన దారిని తెలుసుకుంటే, రాత లేని కాలాన్ని ఎలా చదువుతారో అర్థమవుతుంది.

రాత ఎక్కడ మొదలయింది?

చరిత్రపూర్వ యుగం అంటే లిఖిత ఆధారాలు లేని కాలం. అది అన్ని చోట్లా ఒకే నాడు ముగియలేదు. మన దక్కను ప్రాంతంలో చదవగలిగిన తొలి శాసనాలు అశోకునివి, అంటే క్రీ.పూ. 3వ శతాబ్దివి. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి, రాజుల మందగిరి, రాయచూరు జిల్లాలోని మస్కి, చిత్రదుర్గ జిల్లాలోని బ్రహ్మగిరి, బళ్ళారి జిల్లాలోని నిట్టూరు, ఉదెగోళం - ఇవన్నీ అటువంటి శాసనాలు గల చోట్లు. వాటికి ముందటి కాలం గురించి ఈ నేలపై ఒక్క అక్షరమూ లేదు. కాని మనుషులు లేకపోలేదు. వారి కుండ పెంకులు, రాతి గొడ్డళ్లు, పశువుల ఎముకలు, పిల్లలను పాతిపెట్టిన కుండలు, కొండలపై ఎద్దుల బొమ్మలు ఉన్నవి. వీటన్నిటికన్న విచిత్రమైనవి బూడిద దిబ్బలు.

ఇటువంటి దిబ్బలు ఇంతవరకు వందకు పైగా గుర్తింపబడినవి. కొన్ని చిన్న తిన్నెల వంటివి. మరికొన్ని చిన్న గుట్టలంతటివి. తవ్వితే లోపల మెత్తని తెల్లని బూడిద పొరలు, వాటి మధ్య కరిగి గట్టిపడిన చిట్టెము వంటి గడ్డలు కనబడతాయి. బళ్ళారి నుండి హోసపేటకు పోయే దారిలో కుడితిని వద్ద ఉన్న దిబ్బ చాల ప్రసిద్ధం.

దిబ్బలు - కథలు

ఇంత బూడిద ఎక్కడినుండి వచ్చింది? చుట్టుపక్కల ప్రజలు తమకు తెలిసిన కథలతో దీనికి జవాబు చెప్పుకున్నారు. హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బ వాలిని దహనం చేసిన చోటని స్థానికుల విశ్వాసం. మరికొన్ని చోట్ల భీముడు హిడింబాసురుని చంపి కాల్చిన బూడిద అంటారు. ఈ కథలను చూసి నవ్వనక్కరలేదు. ఇది మామూలు మన్ను కాదు, పెద్ద ఎత్తున ఏదో కాలిన గుర్తు అని మన పూర్వులు సరిగానే గమనించారు. ఏమి కాలింది, ఎప్పుడు కాలింది అన్నదానికి మాత్రం పురాణాన్ని ఆశ్రయించారు.

19వ శతాబ్దిలో వచ్చిన విద్యావంతుల ఊహలు కూడ వీటికన్న గట్టివి కావు. 1830, 40 దశకాలలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ దిబ్బలను వర్ణించి రాశాడు. ఆ తరువాత వచ్చినవారిలో ఒకరు అగ్నిపర్వతం అన్నారు. ఒకరు సున్నపు బట్టీ అన్నారు. ఒకరు లోహాన్ని కరిగించిన కొలిమి అన్నారు. యుద్ధాల తరువాత జరిగిన సామూహిక దహనాలు అన్నవారూ ఉన్నారు. ప్రతి ఊహా మొదట వినడానికి బాగానే ఉంటుంది. అయితే ప్రతి ఊహకూ ఒక పరీక్ష ఉన్నది: అది నిజమైతే మరేమేమి కనబడాలి? అగ్నిపర్వతమైతే చుట్టూ లావా రాయి ఉండాలి. కొలిమి అయితే ముడి ఖనిజం, లోహపు తునకలు ఉండాలి. శవదహనమైతే మనుషుల ఎముకలు కుప్పలుగా ఉండాలి. అవేవీ తగినట్లు కనబడలేదు.

కనబడినవి వేరు: రాతి గొడ్డళ్లు, చేతితో చేసిన కుండల పెంకులు, పశువుల ఎముకలు. వీటిని శ్రద్ధగా ఏరి, ఏది ఎక్కడ దొరికిందో రాసిపెట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫూట్. ఆయన భూగర్భ సర్వే శాఖ ఉద్యోగి. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును గుర్తించి, మన దేశ చరిత్రపూర్వ అధ్యయనానికి నాంది పలికాడు. బూడిద దిబ్బలు కొత్త రాతియుగపు పశుపాలకులవని, అది పశువుల పేడ కాలిన బూడిద అని ఫూట్ భావించాడు. ఆయన సేకరణ 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. దాని వివరణలు 1912లో ఆయన మరణించిన తరువాత 1914, 1916 సంవత్సరాలలో అచ్చయినవి. ఆయన ఊహ సరియైనదే. కాని ఊహ సరియైనదని తేలాలంటే రుజువు కావాలి. దానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

బూడిదను అడిగిన ప్రశ్నలు

మొదటి రుజువు ప్రయోగశాల నుండి వచ్చింది. లండనులో పనిచేసిన జోయినర్ అనే శాస్త్రవేత్త బళ్ళారి దిబ్బల బూడిదను పరీక్షించి, అది పేడ బూడిదేనని 1960లో ప్రకటించాడు. పశువు తినే గడ్డిలో ఇసుకలో ఉండే సిలికా అనే పదార్థమే సూక్ష్మంగా ఉంటుంది. గడ్డి జీర్ణమైనా అది పేడలో మిగులుతుంది. పేడ కుప్ప తీవ్రమైన వేడితో చాలసేపు కాలితే ఆ సిలికా కరిగి గాజువలె గడ్డకడుతుంది. కొలిమి చిట్టెమని భ్రమ కలిగించిన గడ్డలు ఇవే. తరువాత 1960 దశకంలో పుణె దక్కన్ కళాశాల వారు కప్పగల్లు దిబ్బను పరిశోధించి ఇదే నిర్ణయానికి వచ్చారు.

రెండో రుజువు తవ్వకం నుండి వచ్చింది. 1957లో రేమండ్ ఆల్చిన్ నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వించాడు. (ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు.) అక్కడ గుంజలు పాతిన గుంటలు వరుసగా బయటపడినవి. గుంజ పుచ్చి పోయినా, అది పాతిన గుంటలో నిండిన మన్ను రంగు వేరుగా ఉంటుంది. ఆ రంగు మచ్చలను కలుపుతూ పోతే కంచె ఆకారం తెలుస్తుంది. ఆ కంచె లోపల, బూడిద పొర మీద, పశువుల గిట్టల గుర్తులు చెక్కుచెదరకుండ ఉన్నవి. అంటే అది దొడ్డి. పశువులను అందులో కట్టేవారు, పేడ పేరుకొనేది, దానిని కాల్చేవారు, ఆ బూడిద మీదనే మళ్లీ దొడ్డి కట్టేవారు. ఇలా ఎన్నోసార్లు జరిగి దిబ్బ పెరిగింది.

రుజువు పుట్టిన తీరును ఇక్కడ గమనించాలి. రసాయన పరీక్ష ఒక్కటే అయితే "పేడ కాలింది" అని మాత్రమే చెప్పగలం. గుంజల గుంటలు ఒక్కటే అయితే "కంచె ఉండేది" అని మాత్రమే చెప్పగలం. గిట్టల గుర్తులు, ఎముకలు, గుంటలు, బూడిద - వేర్వేరు దారులలో వచ్చిన నాలుగు సాక్ష్యాలు ఒకే చోట కలిసినప్పుడే మాట గట్టిపడింది. న్యాయస్థానంలో ఒకరినొకరు ఎరుగని సాక్షులు ఒకే సంగతి చెప్పినట్లు.

పొరలు, కాలం

"ఎప్పుడు?" అన్నది తరువాతి ప్రశ్న. తారీకు రాసి ఉండని వస్తువుకు కాలం ఎలా కడతారు?

మొదటి సూత్రం చాల తేలిక. కదల్చని నేలలో కింది పొర పాతది, పై పొర కొత్తది. ఇంట్లో మూలన పేర్చిన వార్తాపత్రికల దొంతరలో అట్టడుగున ఉన్నదే పాత తేదీది. తవ్వేవారు ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో కొలతలతో రాసుకుంటారు. పొరల సంగతి రాయకుండ తీసిన వస్తువు తేదీ చింపిన ఉత్తరం వంటిది.

ఈ సూత్రంతో 1940 దశకంలో పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ ఒక మంచి పని చేశాడు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వినప్పుడు ఇటలీ నుండి వచ్చిన పాత్రల ముక్కలు దొరికినవి. వాటి కాలం రోము చరిత్ర వల్ల తెలుసును. వాటితో కలిసి దొరికిన మన దేశపు కుండ పెంకులకు కూడ అదే కాలం అన్నమాట. 1947లో బ్రహ్మగిరిలో తవ్వగా పై పొరలలో ఆ రకం పెంకులే కనబడినవి. ఆ తెలిసిన తారీకును పట్టుకొని, మెట్టు మెట్టుగా కిందికి లెక్కించి, రాతి గొడ్డళ్ల వారి కాలం ఇక్కడ సుమారు క్రీ.పూ. 1000లో మొదలయి ఉంటుందని వీలర్ అంచనా వేశాడు.

పద్ధతి చక్కనిదే. అంకె మాత్రం నిలవలేదు. 1949 ప్రాంతంలో అమెరికాలో విల్లార్డ్ లిబ్బీ రేడియో కార్బన్ పద్ధతిని రూపొందించాడు. ప్రాణమున్న చెట్టు గాలి నుండి కర్బనాన్ని తీసుకుంటుంది. అందులో అతిస్వల్పంగా కార్బన్-14 అనే రకం ఉంటుంది. చెట్టు చచ్చిన తరువాత కొత్తది చేరదు; ఉన్నది క్రమంగా తరుగుతుంది. 5730 ఏళ్లలో సగమవుతుంది. కనుక ఒక బొగ్గు ముక్కలో ఎంత మిగిలిందో కొలిస్తే ఆ చెట్టు ఎప్పుడు చచ్చిందో లెక్కకట్టవచ్చును. ఉట్నూరు బొగ్గును ఇలా కొలిచినప్పుడు కాలం క్రీ.పూ. 2000కు కూడ వెనక్కి పోయింది. ఆ తరువాత మరెన్నో చోట్ల కొలిచిన మీదట, దక్షిణ దక్కను కొత్త రాతియుగం సుమారు క్రీ.పూ. 3000 - 1200 మధ్యదని నేడు చెబుతున్నారు. ఒక్కసారిగా వెయ్యేళ్లకు పైగా చరిత్ర పెరిగింది!

దీనివల్ల వీలర్ గొప్పతనం తగ్గలేదు. ఆయన తన లెక్క ఎలా కట్టాడో దాచుకోకుండ రాశాడు. అందువల్లనే తరువాతివారు దానిని సరిదిద్దగలిగారు. కొత్త ఆధారం వస్తే మారే మాటే శాస్త్రం. ఏ ఆధారం వచ్చినా మారనిది విశ్వాసం. ఈ భేదాన్ని పదేళ్ల పిల్లలకు కూడ చెప్పవచ్చును.

గింజలు, ఎముకలు, మోగే రాళ్లు

బళ్ళారికి చేరువలోని సంగనకల్లు, కప్పగల్లు కొండలు ఈ యుగానికి పెద్ద పుస్తకం వంటివి. సంగనకల్లులో తవ్వి బళ్ళారి రాతియుగ సంస్కృతులపై 1948లో పుస్తకం ప్రకటించినవారు బెండపూడి సుబ్బారావు గారు. 1960 దశకంలో అన్సారీ, నాగరాజరావు గార్లు మళ్లీ తవ్వారు. తరువాత రవి కోరిశెట్టర్, నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ మొదలైన పండితులు కొత్త పద్ధతులతో పరిశోధించారు.

అందులో ఒక పద్ధతి మన అమ్మలకు బాగా తెలిసినది. తవ్విన మన్నును నీటిలో కలిపితే మన్ను అడుగుకు దిగుతుంది. మాడిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని గుడ్డతో పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. పచ్చి గింజ నేలలో కుళ్లిపోతుంది. పొయ్యిలో పడి బొగ్గయిన గింజ మాత్రం వేల ఏళ్లు నిలుస్తుంది. అంటే నాటి ఇల్లాలు పొరపాటున మాడ్చినదే నేటి పండితునికి ఆధారమయింది!

ఇలా తేల్చిన గింజలలో ప్రధానమైనవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్ర జాతికి చెందిన మరో చిరుధాన్యం. కొన్ని చోట్ల గోధుమ, యవలు స్వల్పంగా కనబడినవి. వరి వారి తిండిలో ముఖ్యమైనది కాదు. మెట్ట పంటలే ఆ జనానికి ఆధారం. నేడు ఆరోగ్యం కోసం కొత్తగా కొనుక్కొంటున్న అండుకొర్రలు ఈ నేలపై నాలుగు వేల ఏళ్ల నాటి భోజనం అన్నమాట.

ఎముకలు మరో సాక్ష్యం. దొరికిన జంతువుల ఎముకలలో ఆవులు, ఎద్దులవే ఎక్కువ. గొఱ్ఱెలు, మేకలవి తరువాత. ఎముకపై కత్తి గాట్లను బట్టి ఆ పశువును కోసి తిన్నారని తెలుస్తుంది. పశువును ఎంతగా గౌరవించేవారో కప్పగల్లు కొండ చెబుతుంది. అక్కడి నల్లని డోలరైటు బండలపై రాతితో కొట్టి చేసిన బొమ్మలలో పొడుగు కొమ్ముల, మూపురపు ఎద్దులే అధికం. అదే కొండపై రాతి గొడ్డళ్లను పెద్ద ఎత్తున తయారు చేసిన చోటు కూడ ఉన్నది. గొడ్డలి చెక్కేటప్పుడు ఎగిరిన పెచ్చులు గుట్టలుగా పడి ఉన్నవి. ఆ పెచ్చులను వరుసగా పేర్చి చూస్తే గొడ్డలి తయారీలో మొదటి దెబ్బ నుండి చివరి నూరుడు వరకు తెలుస్తుంది.

ఆ కొండపై మరో వింత ఉన్నది. కొన్ని బండలపై గిన్నెల వంటి గుంటలున్నవి. గట్టి రాతితో అక్కడ కొట్టితే గంటవలె మోగుతాయి. ఈ సంగతిని పరిశోధకులకు చూపించినవారు ఆ ఊరి ప్రజలే. పండితుని కంటికి అందనిది ఊరివారి చెవికి అందింది. పాటకు రాత లేకపోయినా, మోగించిన రాయి మిగిలింది.

ఇంతకూ దిబ్బ ఎందుకు?

పేడ కాల్చారని రుజువయింది. ఎందుకు కాల్చారు? ఇక్కడ పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

ఆల్చిన్ దీనిని పశువుల పండుగగా ఊహించాడు. నేటికీ కర్ణాటకలో సంక్రాంతినాడు పశువులను మంట మీదుగా దాటించే ఆచారం ఉన్నది; దానిని కిచ్చు హాయించడం అంటారు. అటువంటి ఆచారమే నాడు ఉండి ఉంటుందని ఆయన భావన. 1990 దశకంలో కట్రగడ్డ పద్దయ్య గారు నేటి యాదగిరి జిల్లాలోని బూదిహాళ్‌లో విస్తారంగా తవ్వించినప్పుడు, దిబ్బ పక్కనే ఇళ్లు, పశువులను కోసిన నేల, కుండలలో పాతిన పసిపిల్లల అవశేషాలు బయటపడినవి. అంటే దిబ్బ అడవిలోని ఒంటరి దొడ్డి కాదు, ఊరిలో భాగం. ఇంకొందరు పండితులు మరో అడుగు ముందుకు వేసి, ఆ జనం దిబ్బలను కావాలనే పెంచి కట్టారని, అవి వారికి స్మారక కట్టడాల వంటివని అంటారు.

ఇక్కడ ఉపాధ్యాయులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. నేటి ఆచారాన్ని చూసి నాటిదాన్ని ఊహించడం ఉపయోగకరమైన పద్ధతే. అది ఏమి వెదకాలో చూపుతుంది. అయితే అదే రుజువు కాదు. నాలుగు వేల ఏళ్లలో ఆచారం పుట్టవచ్చు, పోవచ్చు, అర్థం మారవచ్చు. "పేడ కాలింది" అన్నది తేలిన సంగతి; "పండుగకు కాల్చారు" అన్నది ఊహ. రెండింటినీ ఒకే గొంతుతో చెప్పరాదు.

వారి భాష ఏది?

ఇప్పుడు పిల్లల రెండో ప్రశ్నకు వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పూర్వపు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోను, మిగిలినవి మైసూరులోను చేరినవి. నాటి వాదోపవాదాలు పెద్దల జ్ఞాపకాలలో నేటికీ ఉన్నవి. అందువల్ల ఈ సీమలో "ఈ కొండ మొదట ఎవరిది?" అన్న ప్రశ్న అమాయకమైనది కాదు.

కుండ పెంకు ఏ భాషా మాట్లాడదు. గొడ్డలిని చూసి దానిని చెక్కినవాని మాతృభాష చెప్పలేము. భాషల పూర్వచరిత్రను వెదికేందుకు వేరే శాస్త్రం ఉన్నది. అది సోదర భాషలలోని పదాలను పోల్చి చూస్తుంది. తెలుగులో పెసర, కన్నడంలో హెసరు, తమిళంలో పయఱు - ఈ మూడూ ఒకే మూల పదం నుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. మన ఆవు, కన్నడంలోనూ ఆవు, తమిళంలో ఆ. అంటే ఈ భాషలు విడిపోకముందే ఆ జనానికి పెసలూ తెలుసు, ఆవూ తెలుసు. 2018లో వెలువడిన ఒక పరిశోధన ద్రావిడ భాషా కుటుంబం వయస్సు సుమారు 4500 ఏళ్లని అంచనా వేసింది. ఇది బూడిద దిబ్బల కాలానికి దగ్గరగానే ఉన్నది. కనుక దిబ్బల వారు ద్రావిడ భాష ఏదో మాట్లాడి ఉండవచ్చునని పలువురు పండితులు భావిస్తారు.

అయితే కాలం సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు. ఒకవేళ ఆ ఊహ నిజమే అనుకున్నా, నాడు వారు మాట్లాడినది నేటి తెలుగు కాదు, నేటి కన్నడమూ కాదు. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనాలు కడప సీమలో, రేనాటి చోళుల నాటివి, క్రీ.శ. 6వ శతాబ్దివి. దిబ్బలకూ వాటికీ మధ్య రెండు వేల ఏళ్లకు పైగా దూరం ఉన్నది. అంత వెనక్కి పోయి మన పేరు చెక్కుకోవడం చరిత్ర కాదు.

కొందరు తల్లిదండ్రులకు ఈ మాట నిరాశ కలిగించవచ్చు. మన భాష అసలే ఇక్కడ మైనారిటీ భాష. ప్రాచీనత ఒక్కటే మనకు బలం కదా అని వారి ఆవేదన. కాని ఆలోచించండి. మనం ఆ కొండను తెలుగువారిదంటే పక్కింటివారు కన్నడిగులదంటారు. ఇద్దరికీ రుజువు లేదు. పిల్లలు నేర్చుకొనేది గొంతు పెంచడమే. మన భాషకు ఇక్కడ చదువుకొనే హక్కు ఉండడానికి నాలుగు వేల ఏళ్ల పట్టా అక్కరలేదు. దానిని మాట్లాడే పిల్లలు ఈనాడు ఇక్కడ ఉండడమే చాలును. ఆ దిబ్బల వారు ఎవరైనా, ఈ నేలపై బ్రతికేవారందరికీ పూర్వులే.

తరగతి గదిలో

తెలుగు మాధ్యమంలో శాస్త్రం చెప్పడం కష్టమని తరచు వింటుంటాము. ఈ పాఠం దానికి మంచి జవాబు. దొడ్డి, పేడ, గిట్ట, గుంజ, పెంకు, పెచ్చు, దిబ్బ, ఉలవ - తవ్వకంలో దొరికినవాటికి కావలసిన మాటలన్నీ పిల్లలకు ఇంటి నుండే వచ్చినవి. పరిభాష తరువాత నేర్పవచ్చును. కొన్ని అభ్యాసాలను సూచిస్తున్నాను.

మొదటిది: బడి చెత్తబుట్టను వారం పాటు ఖాళీ చేయకుండ ఉంచి, పై నుండి పొర పొరగా తీయించండి. ఏ రోజు ఏమి జరిగిందో చెత్తను చూసి చెప్పమనండి. బుట్టలో పడని పనులు ఏవో కూడ అడగండి. పాట, ఆట, మాట - ఇవి చెత్తలో మిగలవు. చరిత్రపూర్వ కాలంలోనూ అంతే.

రెండవది: పలక మీద మూడు గడులు గీయించండి - కనబడినది, తేలినది, ఊహించినది. "బూడిదపై గిట్టల గుర్తులు" మొదటి గడిలోనిది. "ఇది దొడ్డి" రెండవ గడిలోనిది. "పండుగనాడు కాల్చారు" మూడవ గడిలోనిది. పాఠ్యపుస్తకంలోని వాక్యాలను కూడ ఈ గడులలోకి సర్దించండి. ఏ వాక్యం ఏ గడిలో ఉండాలో పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదనే అసలైన పాఠం.

మూడవది: మీకు దగ్గరలోని చోటును ఎంచుకోండి. తమిళనాడువారికి తిరువళ్ళూరు జిల్లాలో అత్తిరాంపాక్కం ఉన్నది. 1863లో ఫూట్ గుర్తించిన ఆ చోట శాంతి పప్పు గారి బృందం జరిపిన తవ్వకాల వల్ల, అక్కడి రాతి పనిముట్ల వయస్సు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో ప్రకటించారు. మహారాష్ట్రవారికి పుణె జిల్లాలోని ఇనాంగావ్, ఒడిశావారికి ఖుర్దా జిల్లాలోని గొలబాయి ససన్ ఉన్నవి. బళ్ళారివారికి ఊరిలోనే ఫూట్ పేరిట సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఉన్నది.

అటువంటి చోటికి పిల్లలను తీసుకొని వెళ్లినప్పుడు ఒక్క నియమం తప్పక చెప్పండి: చూడాలి, గీయాలి, కొలవాలి; ఏరి జేబులో వేసుకోరాదు. వస్తువు తన పొరను వదిలితే సాక్ష్యం పోతుంది. పెద్దల పొరపాట్లు ఇప్పటికే చాలినన్ని ఉన్నవి. ఎన్నో దిబ్బల బూడిదను పొలాలకు ఎరువుగా తోలుకొనిపోయారు. కప్పగల్లు కొండ మీది బొమ్మలలో కొన్ని గ్రానైటు క్వారీల పాలయినవి. రాసిపెట్టిన పుస్తకం కాలిపోతే మరో ప్రతి ఎక్కడైనా దొరకవచ్చు. ఈ కొండలకు రెండో ప్రతి లేదు.

రాత లేనివారి కథను చదవగలిగినది అక్షరం వల్ల కాదు. ఓపిక వల్ల, కొలత వల్ల, తెలియనిదానిని తెలియదని ఒప్పుకోవడం వల్ల. మన పిల్లలు ఏ భాషలో చదివినా ఈ మూడూ నేర్చుకుంటే, ఆ కొండను కాపాడుకొనేవారు వారే అవుతారు. అది ఎవరిదన్న తగాదా అప్పుడు దానంతట అదే చిన్నదైపోతుంది.